కత్తెర ఒక్కటే ఇవ్వండి: చిన్నపిల్లలకు జట్టు కృత్యాలతో ఆర్థికశాస్త్రం

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇది. ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు కొరత, ఎంపిక, మారకం, శ్రమ విభజన, డబ్బు అనే విషయాలు పరిచయం చేయాలి. పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి ఆ పని చేయబోతే, ప్రతి జట్టులోనూ ఒకరిద్దరే అన్నీ చేసేశారు, మిగిలినవారు చూస్తూ కూర్చున్నారు, గదంతా గోలగోలగా మారింది, తీరా చూస్తే ఎవరికీ ఏమీ ఒంటబట్టినట్టు కనిపించలేదు. ఈ వయసు పిల్లలకు జట్టు పని పనికివస్తుందా, లేక పాఠం మీరే చెప్పడం మేలా అన్నది మీ సందేహం.

పనికివస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ప్రాథమిక తరగతులకు చెబుతూ, ఇప్పుడు కొత్త ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తున్న అనుభవంతో ఈ మాట అంటున్నాను. భాషలోనో గణితంలోనో జట్టు అనేది పిల్లలను కూర్చోబెట్టే ఒక పద్ధతి మాత్రమే. అక్కడ పాఠం వేరు, జట్టు వేరు. ఆర్థికశాస్త్రంలో అలా కాదు. నలుగురు పిల్లలు, ఒక బల్ల, చాలీచాలని సామగ్రి, అందరూ కోరుకునే ఒక వస్తువు ఉంటే, ఆ బల్ల దగ్గర జరిగేదంతా పాఠమే. ఎవరికి ముందు దక్కాలి, దేన్ని వదులుకోవాలి, ఎవరు ఏ పని చేయాలి, ఇచ్చిపుచ్చుకునే బేరం ఎలా కుదరాలి అన్న ప్రశ్నలు పుస్తకంలో నుంచి రానక్కరలేదు, వాళ్ళ చేతుల మధ్యనే పుడతాయి. మీ తరగతిలో లోపం జట్టు పనిలో లేదనీ, ఆ బల్ల మీద మీరు పెట్టిన సామగ్రిలో ఉందనీ నా అనుమానం.

అంత చిన్నపిల్లలకు ఈ శాస్త్రం తలకెక్కుతుందా అన్న సందేహం మొదట తీర్చుకోవడం మంచిది. 1960 ప్రాంతంలోనే లారెన్స్ సెనెష్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యుడు అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, ఎల్క్‌హార్ట్ అనే ఊరి బడుల్లో, ఒకటో తరగతి నుంచే ఈ శాస్త్రపు మూల భావనలను బోధించే ప్రయోగం చేశారు. 1970లలో మారిలిన్ కౌరిల్స్కీ కిండర్‌గార్టెన్ పిల్లల తరగతి గదినే ఒక చిన్న ఆర్థిక వ్యవస్థగా నడిపించారు. కొరత ఎదురైన తరువాతే కొరత గురించి మాట్లాడటం, వస్తు మార్పిడిలో ఇబ్బంది పడిన తరువాతే డబ్బు గురించి మాట్లాడటం ఆమె పద్ధతి. ముందు అనుభవం, తరువాత మాట, ఆఖరున పేరు అన్న ఆ వరుసను నేను ఈనాటికీ తప్పను.

అయితే ఈ వయసుకు ఒక హద్దు కూడా ఉంది. గుస్తావ్ జహోడా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1979లో గ్లాస్గో నగరపు పిల్లలతో చేసిన అధ్యయనం ఈ విషయంలో నాకు ఎంతో ఉపయోగపడింది. దుకాణదారు ఒక ధరకు కొని, అంతకంటే ఎక్కువ ధరకు అమ్ముతాడనీ, ఆ తేడాతోనే అతని బతుకు గడుస్తుందనీ చాలామంది పిల్లలకు పదేళ్ళు వచ్చేదాకా స్పష్టంగా తెలియదని అందులో తేలింది. దుకాణం ఆట ఆడించినప్పుడు కూడా, సరుకు తెచ్చిచ్చే మనిషికి తాము అమ్మిన ధరే చెల్లించాలని అనుకున్న పిల్లలున్నారు. కాబట్టి ఏడేళ్ళవారికి లాభం, వడ్డీ, పన్ను చెప్పాలని తొందరపడకండి. కొరత, ఎంపిక, మారకం, పని పంచుకోవడం, ఉమ్మడి వస్తువును కాపాడుకోవడం మాత్రం వారికి పూర్తిగా అందుతాయి. ఎందుకంటే అవి ఆడుకునే చోట రోజూ వాళ్ళకు ఎదురయ్యేవే.

ఇక అసలు విషయానికి వస్తాను. నేను ఎప్పుడూ మొదటగా చేయించే కృత్యం ఇది. తరగతిని నలుగురేసి చొప్పున జట్లు చేస్తాను. ఒక్కొక్క జట్టుకు మూడు రంగు కాగితాలు, ఒక కత్తెర, ఒక జిగురు సీసా, ఒక స్కేలు ఇస్తాను. ఇరవై నిమిషాల్లో పుస్తకంలో గుర్తుగా పెట్టుకునే పట్టీలు నాలుగు తయారు చేయాలి, ప్రతి పట్టీలోనూ కనీసం రెండు రంగులు ఉండాలి, అదే కాగితాలతో జట్టు పేరు రాసుకోవడానికి ఒక పెద్ద పలక కూడా చేయాలి అని చెబుతాను. కాగితాలు కొలిచి చూస్తే పట్టీలూ పలకా రెండూ బాగా రావు. పట్టీలు వెడల్పుగా చేస్తే పలక చిన్నదవుతుంది, పలక పెద్దది చేస్తే పట్టీలు సన్నబడతాయి. కత్తెర ఒక్కటే కాబట్టి ఒకరు కోస్తుంటే ముగ్గురు ఆగాలి. ఈ రెండు ఇరుకులనూ నేను కావాలనే పెడతాను.

మొదటిసారి ఈ కృత్యం చేయించినప్పుడు నేనొక పొరపాటు చేశాను. ఐదు నిమిషాలు గడిచేసరికి మూడు జట్ల నుంచి పిల్లలు లేచి వచ్చి, "టీచర్, ఇంకో కత్తెర ఇవ్వండి" అని అడిగారు. ఒకరి కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. బీరువాలో కత్తెరలు ఉన్నాయి కదా, పిల్లలను ఏడిపించడం ఎందుకని తలా ఒకటి ఇచ్చేశాను. గది వెంటనే నిశ్శబ్దమైంది. ఎవరి పాటికి వారు కోసుకున్నారు, అతికించుకున్నారు, అందరి పట్టీలూ చక్కగా వచ్చాయి. తరువాత "ఈ పనిలో ఏది కష్టమైంది?" అని అడిగితే ఒక్కరూ ఏమీ చెప్పలేకపోయారు. నేను పంచిన కత్తెరలతో పాటు ఆ రోజు పాఠం కూడా వెళ్ళిపోయిందని అప్పటికి గాని నాకు తెలియలేదు.

మరుసటి ఏడాది ఇవ్వలేదు. అడిగిన ప్రతివారితోనూ "ఈ రోజుకు ఉన్నవి ఇంతే, మీ జట్టులో మాట్లాడుకుని చూడండి" అన్నాను. ఆ మాట అనడం కష్టమే, కానీ అని ఊరుకోవాలి. అప్పుడు ఒక జట్టులో కత్తెర కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి ఒకతె, కాగితాన్ని మడిచి, మడత మీద గోటితో రెండు మూడుసార్లు గట్టిగా గీసి, స్కేలు ఆనించి నెమ్మదిగా చించింది. అంచు కత్తిరించినంత నునుపుగా రాలేదు గాని పట్టీ తయారైంది. పక్క జట్టువారు అది చూసి తామూ అలాగే మొదలుపెట్టారు. ఇంకొక జట్టులో ఒక పిల్లవాడు కత్తెర తన దగ్గరే ఉంచుకుని, మిగతా ముగ్గురి కాగితాలూ వాళ్ళు గీసిన గీత మీద తానే కోసిచ్చాడు. బదులుగా వాళ్ళు అతని పట్టీకి జిగురు పూసి అతికించిపెట్టారు. ఒక వస్తువు దొరకనప్పుడు దాని బదులు మరొకదానితో పని గడుపుకోవడం, ఒకరు ఒక పనిలో నిలబడి మిగతావారికి ఆ సేవ ఇవ్వడం, దానికి ప్రతిఫలం పొందడం అన్న మూడు భావనలూ ఇరవై నిమిషాల్లో వాళ్ళే కనిపెట్టారు. నేను నోరు తెరిచి చెప్పినది ఏమీ లేదు.

పలక సంగతి కూడా చెప్పాలి. చివరికి ప్రతి జట్టూ ఏదో ఒకటి వదులుకుంటుంది. పట్టీలు బాగా చేసుకున్న జట్టు పలక అరచేయంతే ఉంటుంది. "మీ పట్టీలకు ఎంత ఖర్చయింది?" అని అడిగితే మొదట ఎవరికీ అర్థం కాదు, డబ్బు ఇవ్వలేదు కదా అంటారు. "పట్టీలు ఇంత వెడల్పుగా చేసినందుకు మీకు రాకుండా పోయింది ఏది?" అని మార్చి అడగండి. "పెద్ద పలక" అన్న జవాబు వెంటనే వస్తుంది. అవకాశ వ్యయం అన్న పేరు చెప్పకపోయినా ఫరవాలేదు. ఒకటి ఎంచుకున్నప్పుడు పోగొట్టుకున్న మరొకటే దాని అసలు ఖరీదు అన్నది ఏడేళ్ళ బిడ్డ చేతిలో పెట్టగలిగాం, అది చాలు.

ఒకరిద్దరే పని చేస్తున్నారన్న మీ ఫిర్యాదుకు ఇప్పుడు వస్తాను. ఇది పిల్లల తప్పు కాదు, మనుషులందరిలోనూ ఉన్నదే. మాక్స్ రింగెల్‌మాన్ అనే ఫ్రెంచి ఇంజినీరు తాడు లాగే ప్రయోగాలు చేసి, జట్టులో మనుషులు పెరిగేకొద్దీ తలా ఒక్కరు పెట్టే బలం తగ్గుతుందని 1913లో ప్రచురించాడు. మనం గుంపులో గోవిందా అంటామే, అదే. పెద్దవాళ్ళే తాడు వదులు చేసినప్పుడు పిల్లలు చేయకుండా ఎలా ఉంటారు? దీనికి విరుగుడు గురించి జట్టు అభ్యసనంపై జీవితకాలం పనిచేసిన రాబర్ట్ స్లావిన్ తేల్చిన సంగతి ఒకటుంది: జట్టు అంతటికీ కలిపి ఒక లక్ష్యం ఉండాలి, అదే సమయంలో ప్రతి ఒక్కరూ తమ వంతుకు విడిగా జవాబు చెప్పుకోవాలి, ఈ రెంటిలో ఏది తప్పినా ఫలితం పలచబడుతుంది. ఎలియట్ ఆరన్సన్ 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో మొదలుపెట్టిన జిగ్‌సా పద్ధతిలో కూడా కీలకం ఇదే. పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క ఇస్తారు, తన దగ్గర ఉన్న ముక్కను తాను తప్ప ఇంకెవరూ మిగతావారికి చెప్పలేరు కాబట్టి ప్రతి పిల్లా జట్టుకు అవసరమవుతుంది.

మీ తరగతిలో బహుశా సామగ్రి అంతా బల్ల మధ్యలో పెట్టి "అందరూ కలిసి చేయండి" అని ఉంటారు. అప్పుడు చురుకైన చేతికే అన్నీ చేరతాయి, నోరున్నవారిదే పైచేయి అవుతుంది. సామగ్రిని ముందే విడివిడిగా పంచండి. ఒకరికి కాగితాలన్నీ, ఒకరికి కత్తెర, ఒకరికి జిగురు, ఒకరికి స్కేలూ పెన్సిలూ ఇచ్చి, ఎవరి వస్తువు వారిదేననీ, ఇంకొకరికి కావాలంటే అడిగి ఇప్పించుకోవాలనీ నియమం పెట్టండి. అప్పటిదాకా మూలన కూర్చున్న బిడ్డ దగ్గరికి మిగతా ముగ్గురూ వచ్చి నిలబడతారు. ఎప్పుడూ నోరు విప్పని పిల్లల నుంచి "ఇస్తాను గాని ముందు నాది కోసిపెట్టు" అన్న మాట వినడం నాకు ఎన్నిసార్లు జరిగినా కొత్తగానే ఉంటుంది. నాయకుడు, ఉపనాయకుడు లాంటి పదవులు ఈ వయసుకు అక్కరలేదు, వాటివల్ల పెత్తనం పెరుగుతుంది తప్ప పని పెరగదు.

మారకం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మొత్తం పాఠాల్లో పిల్లలకు అన్నింటికంటే ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది ఇదే. ప్రతి బిడ్డకూ ఒక చిన్న సంచిలో నాలుగు చిన్న వస్తువులు వేసి ఇవ్వండి: గుండీలు, పూసలు, స్టిక్కర్లు, రబ్బర్లు, రంగు దారాలు, నునుపు రాళ్ళు. సంచులన్నీ ఒకేలా ఉండకూడదు, ఒకరికి నాలుగూ గుండీలే రావచ్చు. ముందుగా ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా, తమ సంచి తమకు ఎంత నచ్చిందో ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలు వేసుకోమనండి. జట్టులోని నలుగురి నక్షత్రాలు కూడి ఒక కాగితం మీద రాయమనండి. తరువాత జట్టు లోపల మాత్రమే మార్చుకోవచ్చని చెప్పి ఐదు నిమిషాలు ఇవ్వండి. ఇష్టం లేనివారు మార్చుకోనక్కరలేదని గట్టిగా చెప్పాలి. మళ్ళీ నక్షత్రాలు, మళ్ళీ కూడిక. మూడోసారి గది అంతా తిరిగి ఎవరితోనైనా మార్చుకోవచ్చు. నా తరగతిలో ఒక జట్టు లెక్క మొదట పదకొండు, తరువాత పద్నాలుగు, ఆ తరువాత పదిహేడు అయింది.

అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "గదిలోకి కొత్త వస్తువు ఒక్కటైనా వచ్చిందా?" రాలేదు. ఇరవై నలుగురు పిల్లలకు నాలుగేసి చొప్పున తొంభై ఆరు వస్తువులు మొదట ఉన్నాయి, చివరా అవే ఉన్నాయి. మరి నక్షత్రాలు ఎక్కడి నుంచి పెరిగాయి? ఈ ప్రశ్న వేసి తొందరపడకుండా నిలబడండి. "నాకు అక్కరలేనిది వాడికి కావాలి, వాడికి అక్కరలేనిది నాకు కావాలి" అన్న జవాబు ఏదో ఒక మూల నుంచి వస్తుంది. ఒకరు గెలిస్తే ఇంకొకరు ఓడవలసిందేనని ఆటల వల్ల పిల్లల మనసులో పాతుకుపోయిన నమ్మకం ఈ కూడికల ముందు నిలవదు. ఇద్దరికీ మేలు జరిగితేనే స్వేచ్ఛగా జరిగే మారకం జరుగుతుందన్న మాట పెద్దలకు చెప్పి ఒప్పించడం కష్టం, ఎనిమిదేళ్ళ పిల్లలు తమ అంకెలు చూసి తామే ఒప్పుకుంటారు.

ఇక్కడ మీకు రెండు చిక్కులు ఎదురవుతాయి. కొందరు తమ సంచిలోవి ఒకటి కూడా వదలరు, వేరేది ఇంతకంటే బాగుందని తామే అంటూ కూడా గుప్పిట విప్పరు. అది మొండితనమని మందలించకండి. చేతికి వచ్చిన వస్తువుకు, అది మనది అయినందువల్లనే, ఎక్కువ విలువ కట్టే గుణం మనుషులందరిలో ఉంది. హార్బా, క్రౌస్, వెస్టర్‌లండ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2001లో కిండర్‌గార్టెన్ పిల్లల నుంచి కళాశాల విద్యార్థుల దాకా పరీక్షించి, వయసు పెరిగినంత మాత్రాన ఈ గుణం తగ్గినట్టు కనిపించలేదని ప్రకటించారు. రెండో చిక్కు, మార్చుకున్న తరువాత ఒకరు వెనక్కి ఇమ్మని ఏడవడం. అందుకని ఆటకు ముందే, "సరే అని ఇద్దరూ చేతులు కలిపాక మార్పు లేదు" అన్న నియమం పెట్టండి. ఒప్పందం అన్న భావన ఎలాగూ చెప్పవలసినదే, అది ఈ కన్నీళ్ళ దగ్గరే చెప్పాలి.

డబ్బు పాఠం దీని వెంటనే, మరుసటి రోజే రావాలి. మళ్ళీ సంచులు ఇచ్చి, ఈసారి ప్రతి బిడ్డకూ తనకు తప్పక కావలసిన ఒక వస్తువు పేరు చీటీ మీద రాసి ఇవ్వండి. చీటీలను ముందే గొలుసుగా పేర్చుకోండి: మొదటివారికి కావలసింది రెండోవారి దగ్గర, రెండోవారికి కావలసింది మూడోవారి దగ్గర, మూడోవారికి కావలసింది మొదటివారి దగ్గర ఉండాలి. నేరుగా ఏ ఇద్దరికీ బేరం కుదరదు. పిల్లలు గదిలో తిరిగి తిరిగి అలసిపోతారు. ఇద్దరి కోరికలూ ఒకేసారి కలవవలసి రావడం వస్తు మార్పిడిలోని ప్రధానమైన ఇబ్బంది అని ఆంగ్ల ఆర్థికవేత్త జెవన్స్ 1875లోనే వివరించాడు. వాళ్ళు విసిగిన ఆ క్షణంలో అందరూ ఒప్పుకునే ఒకే రంగు బిళ్ళలు గదిలోకి తీసుకురండి. అంతకంటే ముందు తెస్తే అవి మరో బొమ్మ అవుతాయి.

శ్రమ విభజనకు ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎందుకంటే ఇది తేలిగ్గా నడిచే కృత్యం. ఆడమ్ స్మిత్ 1776లో రాసిన గుండుసూదుల కార్ఖానా ఉదాహరణ మీకు తెలిసే ఉంటుంది: పద్ధతి తెలియని మనిషి ఒక్కడే కూర్చుంటే రోజుకు ఇరవై సూదులు కూడా చేయలేడు, పనిని సుమారు పద్దెనిమిది భాగాలు చేసి పంచుకున్న చోట పదిమంది కలిసి రోజుకు నలభై ఎనిమిది వేలకు పైగా చేశారు. పిల్లలతో చిన్న నోటు పుస్తకాలు చేయించండి. మొదటి పది నిమిషాలు ప్రతి ఒక్కరూ కాగితం మడవడం, కోయడం, కుట్టడం, అట్ట అతికించడం అన్నీ తామే చేయాలి. రెండో పది నిమిషాలు నలుగురూ పనులు పంచుకోవాలి. పుస్తకాలు లెక్కపెట్టండి. దాదాపు ఎప్పుడూ రెండోసారే ఎక్కువ వస్తాయి. అంతటితో ఆపకుండా ఇంకొక ప్రశ్న అడగండి: "ఏ పద్ధతి మీకు నచ్చింది?" మడత పని మాత్రమే చేసిన బిడ్డ విసుగు పుట్టిందని చెబుతుంది, ఒకరు ఆగితే అందరూ ఆగిపోయారని మరొకరు చెబుతారు. ఎక్కువ రావడం ఒక్కటే కొలత కాదన్నది, స్మిత్ తానే ఆ గ్రంథంలో ఒకే పని జీవితమంతా చేసే మనిషి బుద్ధి మొద్దుబారుతుందని రాసిన విషయం, పిల్లల అనుభవంలోంచే బయటికి వస్తుంది.

ఉమ్మడి వనరు గురించిన ఆట ఎనిమిదేళ్ళు దాటినవారికి బాగా సరిపోతుంది. బల్ల మధ్యలో ఒక గిన్నెలో పన్నెండు గుండీలు ఉంచండి. నలుగురూ ఒక్కొక్క వంతులో ఒక్కొక్కరు సున్నా నుంచి మూడు దాకా తీసుకోవచ్చు. వంతు ముగిశాక గిన్నెలో ఎన్ని మిగిలితే మీరు అన్ని కలుపుతారు, కానీ గిన్నెలో పన్నెండుకు మించకూడదు. మొత్తం నాలుగు వంతులు. మొదటి ఆటలో ఎవరూ మాట్లాడకూడదు. చాలా జట్లలో మొదటి వంతులోనే తలా మూడు తీసుకుంటారు, గిన్నె ఖాళీ అవుతుంది, ఆట ముగుస్తుంది, జట్టుకు వచ్చింది పన్నెండు. రెండో ఆటలో వంతుకు ముందు మాట్లాడుకోనివ్వండి. వంతుకు ఆరు మాత్రమే తీసుకుంటే మళ్ళీ పన్నెండు అవుతాయని ఎవరో ఒకరు లెక్క కడతారు; అలా మూడు వంతులు ఆరేసి, ఆఖరి వంతులో పన్నెండూ తీసుకుంటే జట్టుకు ముప్ఫై వస్తాయి. ఆరును నలుగురికి సమంగా పంచడం కుదరదు కాబట్టి, ఈసారి ఎవరు రెండు, ఎవరు ఒకటి అన్న బేరం తప్పదు. ఆ బేరంలో వంతులు మార్చుకోవడం, మాట తప్పినవారిని నిలదీయడం, నియమం రాసి పెట్టుకోవడం అన్నీ జరుగుతాయి. ఉమ్మడి వనరులను మనుషులు తమలో తాము నియమాలు ఏర్పరచుకుని కాపాడుకోగలరని చూపినందుకే ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ముఖాముఖి మాట్లాడుకునే అవకాశం ఇస్తేనే ఫలితం ఎంతో మెరుగవుతుందని ఆమె బృందపు ప్రయోగాలు కూడా చూపాయి.

గోల గురించి అడిగారు. ఈ పాఠాల్లో గోల ఉంటుంది. బేరం జరిగే చోట నిశ్శబ్దం కోరడం తగదు. అయితే పనికివచ్చే గోలనూ పనికిరాని గోలనూ వేరు చేయాలి. నేను బల్లల మధ్య తిరుగుతూ మాటలు వింటాను; "నువ్వు అది ఇస్తే నేను ఇది ఇస్తాను" అన్న మాటలు వినబడుతున్నంత సేపు కల్పించుకోను. చేయి ఎత్తితే అందరూ ఆగి చేతులు పైకెత్తాలన్న ఒక్క అలవాటు ముందు వారంలోనే చేయిస్తే చాలు. జట్టుకు నలుగురు మించవద్దు. ఆరేళ్ళవారికైతే ఇద్దరు చాలు, ఫ్రాంక్ లైమన్ 1981లో ప్రతిపాదించినట్టు ముందు ఒంటరిగా ఆలోచించి, తరువాత పక్కవారితో పంచుకుని, ఆఖరున అందరితో చెప్పడం ఆ వయసుకు హాయిగా ఉంటుంది. స్నేహితులనే ఒక జట్టుగా వేయకండి. స్నేహితుల మధ్య బేరం ఉండదు, ఇచ్చేయడమే ఉంటుంది.

కృత్యం ఎంతసేపు జరిగిందో, దాని మీద మాట కూడా దాదాపు అంతసేపు జరగాలి. కొత్త ఉపాధ్యాయులు తరచుగా తప్పేది ఇక్కడే: ఆట బాగా సాగుతోందని పొడిగించుకుంటూ పోతారు, గంట మోగుతుంది, పిల్లలు గుండీలు గుర్తుపెట్టుకుంటారు, భావన గుర్తుండదు. వస్తువులన్నీ సంచుల్లోకి చేర్చి, వాటిని కళ్ళముందు నుంచి తీసేశాకే మాట మొదలుపెట్టండి, లేకపోతే చేతులు వాటి మీదే ఉంటాయి. "ఏం నేర్చుకున్నారు?" అని అడగకండి, దానికి వాళ్ళు మీకు నచ్చే జవాబు చెబుతారు. "నువ్వు ఎప్పుడు ఆగవలసి వచ్చింది? ఆగినప్పుడు ఏం చేశావు? నువ్వు ఇచ్చింది ఏది, అందుకు నీకు వచ్చింది ఏది?" అని జరిగినదాని గురించి అడగండి. శాస్త్రం పేరు ఆ జవాబుల తరువాత నల్లబల్ల మీదికి రావాలి.

సమానత్వం గురించి ఒక హెచ్చరిక. సంచులు అసమానంగా ఇచ్చినప్పుడు ఏడెనిమిదేళ్ళ పిల్లలు "ఇది అన్యాయం" అంటారు. ఫేర్, బెర్న్‌హార్డ్, రాకెన్‌బాక్ 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మూడు నాలుగేళ్ళ పిల్లల్లో ఎక్కువమంది తమదే చూసుకుంటారు, ఏడెనిమిదేళ్ళకు వచ్చేసరికి ఎక్కువమంది సమంగా పంచడాన్ని కోరుకుంటారు. కాబట్టి ఆ అరుపును అల్లరిగా తీసుకోక చర్చలోకి తీసుకురండి: సంచి ఎలా వచ్చింది, ఎవరు కష్టపడి సంపాదించుకున్నారు, ఎవరికి ఊరకే దొరికింది? అయితే ఈ చర్చ సంచుల దగ్గరే ఆగాలి. ఇంట్లో ఏముంది, ఎంత సంపాదిస్తారు, ఏం కొనుక్కున్నారు అన్న ప్రశ్నలు ఒక్కటి కూడా అడగకండి. లేమి అంటే ఏమిటో ఇంట్లోనే తెలిసిన బిడ్డ ప్రతి తరగతిలోనూ ఉంటుంది. కొరత గురించిన పాఠంలో తన ఇల్లే ఉదాహరణ అయిందని ఆ బిడ్డకు ఒక్కసారి అనిపించినా మనం చేసిన హాని పూడ్చలేం.

అలాగే, ఆటలో వాడిన బిళ్ళలను మంచి ప్రవర్తనకు బహుమతిగా, అల్లరికి జరిమానాగా వాడకండి. ఎక్కువ పట్టీలు చేసిన జట్టుకు బహుమతి పెట్టకండి. జట్ల మధ్య పోటీ పెట్టిన మరుక్షణం, నెమ్మదిగా చేసే బిడ్డ చేతిలోంచి పని లాక్కోవడం మొదలవుతుంది, మీరు మొదట చెప్పిన ఇబ్బందే తిరిగి వస్తుంది.

ఎవరికి ఎంత వచ్చిందో తెలుసుకోవడానికి జట్టు చేసిన వస్తువును చూడకండి, అది ఎవరి చేతిదో మీకు తెలియదు. మరుసటి రోజు ఒక్కొక్కరికి విడిగా ఒక బొమ్మ ఇవ్వండి: ఇద్దరు పిల్లలు, ఒక ఊయల, ఆడుకోవడానికి పది నిమిషాలు. ఏం చేయవచ్చో గీయమనండి లేదా చెప్పమనండి, "అలా చేస్తే ఎవరు ఏం వదులుకున్నారు?" అని అడగండి. జవాబు పొడి మాటల్లో వచ్చినా చాలు. వదులుకున్నదాన్ని చూపించగలిగిన బిడ్డకు కొరత అర్థమైంది. "ఇంకో ఊయల కొనాలి" అని మాత్రమే చెప్పిన బిడ్డను తరువాతి కృత్యంలో కాగితాలు పంచే చోట కూర్చోబెట్టండి.

రెండు వారాల్లో ఐదు అంశాలూ ముగించాలని పెట్టుకోవద్దు. కత్తెర కృత్యాన్నే వారం తరువాత, జట్లు మార్చి, సామగ్రి చేతులు మార్చి, మరొకసారి చేయించండి. రెండోసారి పిల్లలు పని మొదలుపెట్టే ముందే కాగితం మీద గీతలు గీసి, ఎవరు ఏది ముందు చేయాలో మాట్లాడుకుంటారో లేదో గమనించి రాసుకోండి. మాట్లాడుకుంటే మారకం పాఠానికి వెళ్ళండి. మాట్లాడుకోకపోతే మూడోసారి అదే చేయించండి, కత్తెర మాత్రం ఒక్కటే ఇవ్వండి.